రిసీవర్‌లో ఖాళీగా ఉన్న రెండు ఛానెళ్లతో బై-యాంపింగ్ చేస్తే పవర్ రెట్టింపు అవుతుందా?

మీరు అడిగింది ఇదీ. రిసీవర్ 7.2, అంటే ఏడు స్పీకర్లు, రెండు సబ్‌వూఫర్లు (లోతైన బేస్ కోసం ఉండే విడి స్పీకర్లు) కలుపుకోగలది. పెట్టుకున్న స్పీకర్లు 5.1, అంటే ఐదు స్పీకర్లు, ఒక సబ్. సరౌండ్ బ్యాక్ ఛానెళ్లు, అంటే మన వీపు వెనక పెట్టే స్పీకర్లవి, రెండూ ఖాళీగా ఉన్నాయి. ముందున్న టవర్ స్పీకర్లకు వెనక నాలుగేసి టెర్మినళ్లు ఉన్నాయి, మాన్యువల్‌లో బై-యాంప్ (ఒక్కో స్పీకర్‌ని రెండు యాంప్ ఛానెళ్లతో నడపడం) కనెక్షన్ బొమ్మ కూడా ఉంది. ఖాళీ ఛానెళ్లను కూడా ముందు స్పీకర్లకే తగిలిస్తే ఒక్కోదానికి 100కి బదులు 200 వాట్లు అందుతాయా, సౌండ్ బాగుపడుతుందా?

200 వాట్లు అందవు. సౌండ్‌లో తేడా కూడా చాలా సెటప్‌లలో చెవికి తెలిసేంత ఉండదు. స్పీకర్లకు నాలుగు టెర్మినళ్లు, రిసీవర్ మెనూలో బై-యాంప్ ఆప్షన్ ఉండేసరికి వాడకపోతే ఏదో నష్టపోతున్నామని అందరికీ అనిపిస్తుంది. అందుకే కొంచెం లోపలికి వెళ్లి చెప్తాను. లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ఆ రెండు ఛానెళ్లను దేనికి వాడాలో మీరే తేల్చుకోగలరు.

యాంప్లిఫయర్ స్పీకర్‌లోకి వాట్లను తోయదు. అది వోల్టేజి ఇస్తుంది. ఆ వోల్టేజి దగ్గర ఎంత కరెంట్ లాక్కోవాలన్నది స్పీకర్ ఇంపీడెన్స్ మీద, అంటే కరెంట్‌కి అది ఎన్ని ఓమ్‌ల అడ్డు ఇస్తుందన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. వోల్టేజిని దానితోనే గుణించి ఓమ్‌లతో భాగిస్తే వాట్లు వస్తాయి. ఆ లెక్కన 8 ఓమ్‌ల స్పీకర్‌కి 100 వాట్లు కావాలంటే 28.3 వోల్టులు ఉండాలి. మీ రిసీవర్ ఛానెల్ 100 వాట్లది అంటే దాదాపు 28 వోల్టుల దాకా సిగ్నల్‌ని చెడగొట్టకుండా ఇవ్వగలదని అర్థం. అది దాటితే తరంగం పైభాగం, కింది భాగం తెగిపోతాయి. అదే క్లిప్పింగ్.

ఇప్పుడు స్పీకర్ వెనక పై, కింది టెర్మినళ్లను కలిపే జంపర్లు (లోహపు పట్టీలు) తీసేసి, కింది టెర్మినళ్లకు ఫ్రంట్ ఛానెల్, పై టెర్మినళ్లకు ఖాళీ ఛానెల్ కలిపారనుకోండి. స్పీకర్ లోపలి క్రాసోవర్ (కింది స్వరాలను వూఫర్ అనే పెద్ద డ్రైవర్‌కి, పై స్వరాలను ట్వీటర్ అనే చిన్నదానికి పంచే సర్క్యూట్) రెండు ముక్కలుగా విడిపోయింది, అంతే. రిసీవర్ మాత్రం రెండు ఛానెళ్లకూ పూర్తి సిగ్నలే పంపుతుంది, కింది స్వరాలు ఒకదానికి, పై స్వరాలు ఇంకోదానికి అని విడదీయదు. 100 హెర్ట్జ్ దగ్గర పెద్ద బేస్ నోట్ వచ్చింది, సిగ్నల్ 28 వోల్టులకు వెళ్లింది అనుకుందాం. కింది ఛానెల్ నుంచి వూఫర్ మూడున్నర ఆంపియర్ల దాకా లాగుతుంది. పై ఛానెల్ మీద కూడా అవే 28 వోల్టులు ఉంటాయి. కానీ ట్వీటర్ ముందున్న కెపాసిటర్ 100 హెర్ట్జ్‌ని రానివ్వదు కాబట్టి అక్కడ కరెంట్ దాదాపు సున్నా. అంటే పై ఛానెల్ వోల్టేజి అంతా మోస్తుంది, పని మాత్రం ఏమీ చేయదు. సిగ్నల్ 30 వోల్టులు అడిగిన క్షణాన రెండు ఛానెళ్లూ ఒకేసారి క్లిప్ అవుతాయి. ఒక్క ఛానెల్‌తో ఎక్కడ ఆగేదో రెండు ఛానెళ్లతోనూ అక్కడే ఆగుతుంది. 100కి 100 కలిపి 200 అనడం కాగితం మీద కూడిక, స్పీకర్ దగ్గర అది జరగదు.

దీనికి అనుబంధంగా ఇంకో మాట తరచూ వినిపిస్తుంది. వూఫర్ ఛానెల్ క్లిప్ అయినా ట్వీటర్ ఛానెల్ శుభ్రంగా ఉంటుంది కదా, ట్వీటర్‌కి రక్షణ కదా అని. యాంప్లిఫయర్‌కి ముందే సిగ్నల్‌ని విడదీసే యాక్టివ్ బై-యాంపింగ్‌లో ఇది నిజం. అక్కడ ట్వీటర్ యాంప్‌కి బేస్ అసలు రాదు, దాని వోల్టేజి అంతా పై స్వరాలకే ఉంటుంది. రిసీవర్‌లో మనం చేసేది ప్యాసివ్ బై-యాంపింగ్. ట్వీటర్ ఛానెల్ కూడా అదే బేస్ వోల్టేజిని మోస్తోంది కాబట్టి అదీ క్లిప్ అవుతుంది, తెగిన తరంగంలో పుట్టే పై స్వరాల చెత్త నేరుగా ట్వీటర్‌లోకే వెళ్తుంది. యాక్టివ్ పద్ధతి చాలా గొప్ప పద్ధతి, అందులో సందేహం లేదు. కానీ దానికి స్పీకర్ లోపలి క్రాసోవర్ పీకేసి, డీఎస్పీ (సిగ్నల్‌ని డిజిటల్‌గా విడదీసే ప్రాసెసర్) పెట్టి, ఒక్కో డ్రైవర్‌కి కొలతలు తీసి ఫిల్టర్లు రాయాలి. రెడీమేడ్ టవర్ స్పీకర్ల మీద చేసే పని కాదది. ఈ రెండు పద్ధతులకూ పేరు ఒకటే కావడంతో యాక్టివ్‌లో వచ్చే లాభాలన్నీ ప్యాసివ్‌కి అంటగట్టేస్తున్నారు.

మూడోది పవర్ సప్లై. రిసీవర్‌లో ఏడు ఛానెళ్లున్నా ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే, దాని వెనక పెద్ద కెపాసిటర్లు ఒక్క జతే. ఒకే ట్యాంకుకి ఇంకో రెండు కుళాయిలు బిగించినంత మాత్రాన నీళ్లు పెరగవు. పెట్టె మీద రాసే వాట్లు సాధారణంగా రెండు ఛానెళ్లే పనిచేస్తున్నప్పటివి. ఏడూ ఒకేసారి పూర్తిగా పనిచేయిస్తే ఒక్కో ఛానెల్‌కి దక్కేది బాగా తగ్గిపోతుంది.

అసలు ఏ లాభమూ లేదా అంటే, ఒక సందర్భంలో కొంత ఉంది. మీ టవర్లు త్రీ-వే (వూఫర్, మిడ్‌రేంజ్, ట్వీటర్ అని మూడు రకాల డ్రైవర్లున్నవి) అయి, పై టెర్మినళ్లకు మిడ్‌రేంజ్, ట్వీటర్ రెండూ కలిసి ఉండి, వూఫర్ నుంచి మిడ్‌కి మారే చోటు 300, 400 హెర్ట్జ్ ప్రాంతంలో ఉంటే, కరెంట్ రెండు ఛానెళ్ల మధ్య చెప్పుకోదగినంత పంచుకుంటుంది. ఇంపీడెన్స్ 3, 4 ఓమ్‌లకు దిగిపోయే స్పీకర్లయితే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల మీద భారం కాస్త తగ్గుతుంది, రిసీవర్ కొంచెం చల్లగా నడవచ్చు. టూ-వే స్పీకర్‌లో మార్పు చోటు సాధారణంగా రెండు, మూడు కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఆపై స్వరాలకు ఖర్చయ్యే పవర్ మామూలు సంగీతంలోనూ సినిమాలోనూ చాలా కొద్దిగా ఉంటుంది కాబట్టి అక్కడ పంపకం పేరుకే.

మరి బై-యాంప్ చేశాక సౌండ్ విచ్చుకుంది, బేస్ బిగిసింది అని చెప్పేవాళ్ల సంగతేంటి? వాళ్లు అబద్ధం చెప్తున్నారని నేననను. ఆ రోజు వాళ్లు చేసిన పనులు చూడండి. ఏళ్ల తరబడి ముట్టుకోని టెర్మినళ్లు విప్పి మళ్లీ గట్టిగా బిగించారు. వదులుగా, మకిలి పట్టి ఉన్న జంపర్ పట్టీలు తీసేశారు. కొత్త తీగలు వేశారు. మైక్‌తో గదిని కొలిచి సౌండ్‌ని సరిదిద్దే రూమ్ క్యాలిబ్రేషన్ (ఆడిసీ, వైపావో లాంటిది) మళ్లీ నడిపారు, స్పీకర్లను కాస్త జరిపారు. వీటిలో ఏ ఒక్కటైనా సౌండ్‌ని మార్చగలదు. క్యాలిబ్రేషన్ అయితే తప్పకుండా మారుస్తుంది. పైగా పాత కనెక్షన్ నుంచి కొత్తదానికి మార్చడానికి పావుగంట పడుతుంది. అంతసేపు సౌండ్‌లోని సూక్ష్మమైన తేడాని గుర్తుపెట్టుకోవడం ఎవరి చెవికీ సాధ్యం కాదు.

మీకే తేల్చుకోవాలని ఉంటే ఒక పద్ధతి ఉంది, చాలా బాగా పనిచేస్తుంది. రిసీవర్‌ని బై-యాంప్ మోడ్‌లో పెట్టి, ఎడమ స్పీకర్‌కి మాత్రం జంపర్లు తీసి రెండు ఛానెళ్లూ ఇవ్వండి. కుడి స్పీకర్‌కి జంపర్లు అలాగే ఉంచి ఫ్రంట్ ఛానెల్ ఒక్కటే కలపండి, దానికి చెందిన రెండో ఛానెల్‌ని ఊరికే వదిలేయండి. రెండు స్పీకర్లనూ పక్కపక్కనే నిలబెట్టి, రూమ్ కరెక్షన్ ఆపేసి, మోనో రికార్డింగ్ ఒకటి పెట్టండి. ఇంకొకరిని కూర్చోబెట్టి ఎడమ, కుడి మార్పించుకుంటూ, ఏది నడుస్తోందో చూడకుండా వినండి. తర్వాత స్పీకర్ల చోట్లు అటూ ఇటూ మార్చి మళ్లీ వినండి, ఎందుకంటే ఒక్క అడుగు జరిగినా బేస్ మారిపోతుంది. ఎడమ, కుడి స్థాయిలు మాత్రం సమానంగా ఉండాలి. అర డెసిబెల్ ఎక్కువున్నా అదే మెరుగ్గా అనిపిస్తుంది.

ఇంతకీ మీకు పవర్ తక్కువైందా? నా దృష్టిలో అసలు ప్రశ్న ఇదే. దీన్ని ఊహించక్కర్లేదు, మామూలు డిజిటల్ మల్టీమీటర్‌తో కొలవచ్చు. 200 హెర్ట్జ్ సైన్ టోన్, మైనస్ 20 డెసిబెల్ ఫుల్ స్కేల్ స్థాయిలో (రికార్డింగ్ మోయగల గరిష్ఠం కంటే 20 డెసిబెల్ తక్కువ) ఉన్న ఫైల్ ఒకటి సంపాదించండి. ముందు మీరు ఎంత గట్టిగా సినిమా చూస్తారో ఆ వాల్యూమ్ నంబర్ రాసి పెట్టుకోండి. రిసీవర్ ఆపేసి, ముందు స్పీకర్ తీగ తీసేసి, మీటర్ క్లిప్పులను రిసీవర్ ఎర్ర, నల్ల టెర్మినళ్లకు ఒకదానికొకటి తగలకుండా బిగించండి. స్పీకర్ లేకపోయినా రీడింగ్ దాదాపు అదే వస్తుంది, ఇంట్లో వాళ్లకు ఆ మోత బాధ కూడా ఉండదు. మీటర్‌ని ఏసీ వోల్టుల మీద పెట్టి, స్టీరియో మోడ్‌లో, వాల్యూమ్‌ని ఆ నంబర్‌కి తెచ్చి టోన్ నడపండి.

మీటర్ 1.2 వోల్టులు చూపించిందనుకోండి. 20 డెసిబెల్ అంటే వోల్టేజిలో పది రెట్లు. కాబట్టి ఆ వాల్యూమ్‌లో రికార్డింగ్ ఇవ్వగల అత్యంత పెద్ద సిగ్నల్‌కి 12 వోల్టులు కావాలి. 12ని 12తో గుణించి 8తో భాగిస్తే 18 వాట్లు. 100 వాట్ల ఛానెల్ దగ్గర మీరు వాడుతున్నది, అదీ ఎప్పుడో ఒక పేలుడు దృశ్యంలో, 18. రూమ్ కరెక్షన్ కొన్ని చోట్ల రెండు మూడు డెసిబెల్ పెంచి ఉండొచ్చు, దాన్ని కలుపుకున్నా 40 దాటదు. స్పీకర్ 4 ఓమ్‌లదైతే 8 బదులు 4తో భాగించండి. చాలా ఇళ్లలో ఈ లెక్క వేశాక పవర్ టెన్షన్ పూర్తిగా పోతుంది. మీటర్ రెండున్నర దాటి మూడు వోల్టుల వైపు వెళ్తోందంటే మాత్రం మీరు నిజంగానే గీత దగ్గరున్నారు. అప్పుడు కూడా మందు బై-యాంపింగ్ కాదు, పైన చెప్పిన వోల్టేజి కారణం వల్లే.

గీత దగ్గరున్నవాళ్లు ముందు చూడాల్సింది సబ్‌వూఫర్ సెట్టింగ్. మీ దగ్గర సబ్ ఉంది, అయినా టవర్లు పెద్దవి కదా అని మెనూలో 'లార్జ్' అని పెట్టి ఉంటారు, చాలామంది అలాగే పెడతారు. దాన్ని 'స్మాల్' చేసి క్రాసోవర్ 80 హెర్ట్జ్ పెట్టండి. అది స్పీకర్ సైజుకి పెట్టే పేరు కాదు, బేస్ ఎటు పంపాలో చెప్పే స్విచ్ మాత్రమే. సిగ్నల్‌లో పెద్ద పెద్ద వోల్టేజి ఊపులు చాలావరకు లోతైన బేస్ వల్ల వచ్చేవే. వాటిని సొంత యాంప్ ఉన్న సబ్‌కి పంపేస్తే రిసీవర్‌కి నిజమైన ఊరట దొరుకుతుంది. వూఫర్‌కి కూడా. అదే శబ్దం ఒక ఆక్టేవ్ కింద రావాలంటే, అంటే 80కి బదులు 40 హెర్ట్జ్‌లో రావాలంటే, వూఫర్ కోన్ నాలుగు రెట్లు ఎక్కువ దూరం కదలాలి. ఆ కదలిక తప్పితే మిడ్ స్వరాలు, మాటలు ఎంత తేటపడతాయో మొదటి సినిమాలోనే వినపడుతుంది. బై-యాంపింగ్ నుంచి జనం కోరుకునేది సరిగ్గా ఇదే, ఇది ఖర్చు లేకుండా మెనూలో ఉంది.

అది చేశాక కూడా చాలకపోతే ప్రీ-అవుట్ల (బయటి యాంప్‌కి సిగ్నల్ ఇచ్చే రిసీవర్ సాకెట్లు) ద్వారా విడి పవర్ యాంప్ పెట్టుకోండి, దాంతో స్పీకర్ మొత్తాన్ని నడపండి. పవర్ రెట్టింపయితే వచ్చేది 3 డెసిబెల్. వినపడుతుంది కానీ రెండింతల మోతలా ఉండదు, అలా అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్ పెరగాలి. స్పీకర్లు ఎలాగూ మార్చే ఆలోచనలో ఉంటే 3 డెసిబెల్ ఎక్కువ సెన్సిటివిటీ ఉన్నవి (అదే పవర్‌కి అంత ఎక్కువ మోత ఇచ్చేవి) తీసుకోవడం కూడా అంతే ఫలితం ఇస్తుంది. విడి యాంప్‌ని వూఫర్‌కి, రిసీవర్‌ని ట్వీటర్‌కి పెట్టే ప్రయోగం మాత్రం వద్దు. రెండింటి గెయిన్, అంటే సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతాయన్నది, ఒక్కలా ఉండదు. అందులో 3 డెసిబెల్ తేడా ఉంటే స్పీకర్ తయారుచేసినవాళ్లు కష్టపడి కుదిర్చిన సమతూకం అక్కడికక్కడే చెడిపోతుంది.

ఇంత విన్నాక కూడా ఒకసారి చేసి చూడాలని ఉంటే నిక్షేపంగా చేయండి, సరిగ్గా చేస్తే ప్రమాదం లేదు. సరిగ్గా అంటే అన్నిటికంటే ముందు జంపర్లు. ఎర్ర టెర్మినళ్ల మధ్యదీ, నల్ల టెర్మినళ్ల మధ్యదీ, రెండు పట్టీలూ, రెండు స్పీకర్లకూ తీసేయాలి. ముఖ్యంగా ఎర్ర టెర్మినళ్ల మధ్యది మరిచిపోతే ఒక యాంప్లిఫయర్ అవుట్‌పుట్‌ని ఇంకోదానికి నేరుగా కలిపినట్టే. రిసీవర్ ప్రొటెక్షన్‌లోకి వెళ్లి ఆగిపోతే అదృష్టం, లేకపోతే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోతాయి. పనంతా పవర్ ప్లగ్ పీకేసి చేయండి.

ఇక్కడ మల్టీమీటర్‌తో స్పీకర్ బాగుందో లేదో చూసుకోబోయి కంగారుపడేవాళ్లు ఉంటారు. కింది టెర్మినళ్ల మధ్య ఓమ్‌లు కొలిస్తే 8 ఓమ్‌ల స్పీకర్‌కి 6 దగ్గర చూపిస్తుంది. పై టెర్మినళ్ల మధ్య మాత్రం అసలు కనెక్షనే లేనట్టు చూపిస్తుంది. ట్వీటర్ కాలిపోలేదు. దాని దారిలో ఉన్న కెపాసిటర్ మీటర్ ఇచ్చే డీసీని ఆపేస్తోంది, అది దాని పని. ఇది తెలియక బాగున్న స్పీకర్లను రిపేర్‌కి మోసుకెళ్లినవాళ్లను చూశాను.

తర్వాత మెనూ. డెనాన్, మరాంట్జ్‌లలో 'యాంప్ అసైన్' కింద, యమహాలో 'పవర్ యాంప్ అసైన్' కింద బై-యాంప్ ఉంటుంది. దాన్ని మార్చకుండా తీగలు మాత్రం కలిపితే ట్వీటర్లకు సరౌండ్ బ్యాక్ సిగ్నల్ వెళ్తుంది, స్టీరియోలో పాట పెడితే పై స్వరాలు మాయమై దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. పై జతలో ఎర్ర, నల్ల తారుమారైతే వేరే రకం తేడా వస్తుంది. వూఫర్, ట్వీటర్ కలిసే స్వరాల దగ్గర రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని గొంతులు డొల్లగా వినపడతాయి. అన్నీ అయ్యాక తక్కువ వాల్యూమ్‌లో మొదలుపెట్టి, క్యాలిబ్రేషన్ కొత్తగా నడపండి. మెనూలో 4 ఓమ్‌ల సెట్టింగ్ లాంటిది కనిపిస్తే పవర్ కోసమని దాన్ని ముట్టుకోకండి. చాలా రిసీవర్లలో అది లోపలి వోల్టేజిని తగ్గిస్తుంది, మీరు కోరుకునేదానికి సరిగ్గా ఎదురు.

నేనైతే ఆ రెండు ఛానెళ్లను కొత్త స్పీకర్లకు వాడతాను. వాటి తేడా వినడానికి ఎవరూ చెవులు రిక్కించక్కర్లేదు. సోఫా వెనక గోడ దాకా కనీసం నాలుగైదు అడుగులు ఖాళీ ఉంటే సరౌండ్ బ్యాక్ పెట్టి 7.1 చేసుకోండి. ముందు స్క్రీన్ మధ్యని సున్నా డిగ్రీలనుకుంటే వెనక స్పీకర్లు ఇరువైపులా 135 నుంచి 150 డిగ్రీల మధ్య రావాలి, ఇప్పుడున్న సరౌండ్లను 90, 110 మధ్యకు, అంటే దాదాపు మీ పక్కకు జరపాలి. సోఫా గోడకి ఆనుకుని ఉంటే వెనక స్పీకర్లకు చోటే లేదు, పెట్టినా తల వెనకే మోగుతాయి. అలాంటి గదిలో, రిసీవర్‌కి డాల్బీ అట్మోస్ (పైనుంచి కూడా శబ్దం వినిపించే పద్ధతి) ఉంటే, మీరు కూర్చునే చోటికి కాస్త ముందుగా పైకప్పులో ఒక జత పెట్టి 5.1.2 చేసుకోవడం మంచిది. వాటికి పెద్ద టవర్ల ధర పెట్టక్కర్లేదు, బేస్‌ని 80 లేదా 100 హెర్ట్జ్ దగ్గర సబ్‌కి పంపేస్తే చిన్న స్పీకర్లు సరిపోతాయి.

మీ గదిలో సోఫా గోడకి ఆనుకుని ఉందో లేదో మీరు రాయలేదు. ముందు ఆ దూరం, తర్వాత మీటర్ రీడింగ్ చూడండి. రీడింగ్ రెండు వోల్టులలోపే ఉంటే యాంప్ సంగతి వదిలేసి నేరుగా స్పీకర్ల జతకి వెళ్లండి.